రాచవ్వ ఏమన్నది?

జహీరాబాద్,
సెప్టెంబర్ 8.

కృపా,

నువ్వు సోలాపూర్ చేరిన రోజు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. కోపం కాదు. ఫోన్‌లో నీ గొంతు వింటే మీ అన్న గొంతు గుర్తొస్తుంది, ఇద్దరిదీ ఒకటే ముక్కు గొంతు. ఇక నేను ఏడుస్తాను, నువ్వు ఏడుస్తావు, పక్క గదిలో గ్లోరీ పుస్తకం మూసేస్తుంది. ఇంటర్ చదివే బిడ్డ, దాని చదువు పాడవుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక బాగానే జరిగింది. పాస్టరుగారు మీ అన్న గురించి మంచి మాటలే చెప్పారు. "మన ప్రేమ్‌సాగర్ ట్రాక్టర్ల కంపెనీలో రంగులు వేసే పని చేస్తూ కూడా చరిత్ర పుస్తకాలు చదివేవాడు" అన్నారు. ఆ 'కూడా' నాకు నచ్చలేదు. రంగులు వేసేవాడు చరిత్ర చదవకూడదా? అయినా అందరి ముందు ఏమంటాను, ఊరుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ అన్న పుట్టినరోజుకు నువ్వు పుస్తకాలు చదివే మెషీన్ ఒకటి కొనిచ్చావు కదా. దానికేదో ఇంగ్లీషు పేరుంది గానీ ఆయన మొదటి రోజు నుంచీ దాన్ని పలక అనే పిలిచాడు. సాయంత్రం నేను మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటుంటే ఎదురుగా కుర్చీ వేసుకొని, ఆ పలకలో కన్నడ నవల చదువుకుంటూ నాకు తెలుగులో చెప్పేవాడు. మీరిద్దరూ బీదర్ హాస్టల్లో ఉండి చదివినవాళ్లు, మీకు కన్నడం వచ్చు. నాకు ఆ అక్షరాలు దూరం నుంచి తెలుగులాగే కనిపిస్తాయి, దగ్గరికి పోతే ఒక్కటీ పలకదు.

కథ నీకు క్లుప్తంగా చెబుతాను. నిజాం కాలం నాటి సరిహద్దు కథ. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువాళ్ల రాజ్యం, మధ్యలో సుంకం వసూలు చేసే నాకా. దారికి అడ్డంగా ఒక కట్టె. దాన్ని ఎత్తి దించే జవాను మాణికప్ప, అతని భార్య రాచవ్వ. మాణికప్పను దూరంగా ఇంకో నాకాకు బదిలీ చేస్తారు. నెలలు గడిచినా కబురు రాదు. రాచవ్వ ఉప్పు బండ్ల వెంట నడుచుకుంటూ అతన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఇంకొక్క నాకా దాటితే అతనుండే చోటు. అక్కడ కొత్త జవాను కట్టె దించి అడుగుతాడు, "ఎవరి మనిషివి నువ్వు?" అని. అక్కడికి వచ్చి మీ అన్న పలక మూసేశాడు.

"ఏమన్నది?" అన్నాను.

"రేపు చెప్త."

"ఒక్క మాటనే గదా, చెప్పరాదు."

"ఒక్క మాటనే. అందుకే రేపు" అని నవ్వాడు.

తెల్లవారి ఛాతీలో నొప్పి అన్నాడు. ఇక్కడి దవాఖానలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. సంగారెడ్డి రాకముందే అయిపోయింది. తరవాతదంతా నీకు తెలుసు.

నవ్వుకుంటే నవ్వుకో కృపా. రాచవ్వ ఏమన్నదో నాకు తెలియాలి. అది తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. పలకకు ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను గానీ తెరవలేదు, తెరిచినా నాకేం అర్థమవుతుంది? నువ్వు ఆ నవల చదివి, ఆ ఒక్క మాట తెలుగులో రాసి పంపు.

నీ వదిన,
అనిత.


సోలాపూర్,
సెప్టెంబర్ 19.

వదినా, వందనాలు.

నీ ఉత్తరం ఆసుపత్రి చిరునామాకు వచ్చింది. వార్డులో అందరి కళ్లూ దాని మీదే. ఈ కాలంలో ఉత్తరమేమిటి, సిస్టర్ కృపకు సంబంధమేదో కుదిరినట్టుంది అని మరాఠీలో ఒకటే ఆటపట్టించారు. మా వదిన రాసిందంటే ఎవరూ నమ్మలేదు. ముక్కు గొంతు అన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. తరవాత బాత్రూములోకి పోయి తలుపు వేసుకొని ఏడ్చాను.

నేనెందుకు నవ్వుకుంటాను? ఆ మాట కనిపెట్టి రాస్తాను, నువ్వు నిశ్చింతగా ఉండు. పలక నాకు పంపే పని కూడా లేదు. కొన్నప్పుడే దాన్ని నా పేరు మీద పెట్టాను, అన్నకు ఆ పాస్‌వర్డుల గొడవ వద్దని. అన్న దాంట్లో ఏది తెరిచినా నా ఫోన్‌లోనూ కనిపిస్తుంది, ఎక్కడిదాకా చదివాడో ఆ గుర్తుతో సహా. "చెల్లె నా మీద సీఐడీ పెట్టింది" అనేవాడు. నిజానికి నేను ఒక్కనాడూ చూడలేదు. నిన్న మొదటిసారి చూశాను. ఎన్ని పుస్తకాలు వదినా! బహమనీల మీద, దక్కను కోటల మీద, పాత రైలు దారుల మీద. ఇక సరిహద్దు నవలలైతే ఏ దేశానివీ వదల్లేదు. అమెరికాలో పడమటికి పోయిన గుర్రాలవాళ్ల నవలలు కూడా ఉన్నాయి. జహీరాబాద్ మనిషికి ఆ గుర్రాలతో ఏం పని పడిందో!

నాకు అన్న ఎన్నడూ కథ చెప్పలేదు. చిన్నప్పుడు అడిగితే "నీకు సదువొచ్చు గదా, సదువుకో" అని పుస్తకం చేతిలో పెట్టేవాడు. నీకు రోజూ సాయంత్రం కూర్చుని చెప్పాడంటే నాకు కుళ్లుగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఈ నెలంతా డ్యూటీలు ఎడాపెడా వేశారు. సెలవు దొరికిన రోజు ఆ గుర్తు దగ్గర తెరుస్తాను. నాకు ముందు కథ తెలియదు కాబట్టి నువ్వు విన్నదంతా ఓపికగా రాయి. గ్లోరీకి ముద్దులు.

నీ ఆడబిడ్డ,
కృప.


జహీరాబాద్,
అక్టోబర్ 6.

కృపా,

ఇవాళ మీ అన్న ఆదివారం స్నేహితులు ఇద్దరూ వచ్చి వెళ్లారు. శరణప్ప సార్ బీదర్ దగ్గర బడిలో కన్నడం చెప్పి రిటైరై ఇక్కడే ఉంటున్నారు, చెన్నబసప్పకు అల్లం తోట ఉంది. మీ అన్న చర్చి నుంచి నేరుగా హైవే పక్క చాయ్ హోటల్‌కు పోయేవాడు. అక్కడ ముగ్గురూ పుస్తకాల మీద కొట్లాడుకునేవాళ్లు. భూమి తగాదా అనుకొని హోటలాయన ఒకసారి విడిపించడానికి కూడా వచ్చాడట.

ఈరోజు నన్ను ఓదార్చడానికి వచ్చారు పాపం. కానీ ఓదార్చడం ఇద్దరికీ చేతకాదు. బల్ల మీద పలక కనిపించగానే మళ్లీ మొదలైంది.

"పలకల సదివేది సదువే కాదమ్మా. పుస్తకమంటే చేతుల బరువు తెల్వాలె" అన్నాడు చెన్నబసప్ప.

"నీ కండ్లకు శుక్లాలు రానీ, అప్పుడు మాట్లాడు. దాంట్ల అచ్చరం ఎంతంటే అంత పెద్దగ చేసుకోవచ్చు" అన్నారు సార్.

"గా సరిహద్దు నవలలు పెద్ద అచ్చరంల సదివినా చిన్న అచ్చరంల సదివినా చరిత్ర అయితదా? రాసెటోడు కల్పించి రాస్తడు."

"రాజుల కథ రాళ్ల మీద చెక్కి పెట్టిన్రు. నాకా కాడ నిలవడ్డోని కథ ఏ రాయి మీద ఉన్నది? నవల్లనే దొరుకుతది."

నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నవ్వి చాలా రోజులైంది. సార్‌కు కన్నడం వచ్చు కదా, రాచవ్వ సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మీ అన్న నాకు చెప్పాల్సిన మాటను బయటి మనిషి నోట వినాలనిపించలేదు. నువ్వంటే వేరు, ఆ గొంతులో నీకూ వాటా ఉంది.

ఇక విన్నదంతా రాయమన్నావు. రాచవ్వకు నాలాగే కుట్టుపని, విచిత్రం చూడు. బండ్లవాళ్లకు అంగీలు కుడుతుంది. టేపు వాడదు, జానతోనే కొలుస్తుంది. నేను కూడా గ్లోరీ చిన్నప్పటి గౌన్లన్నీ జానతోనే కొలిచాను. రాచవ్వకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఎవరైనా ఆకలి అంటే కోపం మరిచిపోతుంది. పల్లీలు వేయించి కొంగున కట్టుకొని తిరుగుతుంది. మొదట్లో దానికి పెద్ద జ్వరం వచ్చి పోతుందనుకున్నాం, బతికింది. తరవాత మాణికప్ప బదిలీ. తరవాత ఉప్పు బండ్లు. దారిలో ఒక బండివాడు ఎగతాళి చేస్తే వాడి అంగీకి రెండు చేతులూ కలిపి కుట్టేసింది! ఆ రోజు నేను నవ్వి నవ్వి సూది విరగ్గొట్టాను.

ఆ నవల రాసినాయన ఎవరో గానీ ఆడవాళ్ల సంగతి బాగా తెలిసినవాడు.

తొందరగా చదువు.

అనిత.


సోలాపూర్,
అక్టోబర్ 27.

వదినా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పుస్తకం తెరిచాను. పాత కన్నడం, నెమ్మదిగా సాగుతోంది. నాకు కూడా అలవాటు తప్పింది కదా, ఇక్కడ మాట్లాడేది మరాఠీ, రాసేది ఇంగ్లీషు.

రాచవ్వకు జ్వరం వచ్చిన దగ్గర ఉన్నాను. నిన్ను ఒకటి అడగాలి. ఆ జ్వరం ఎట్లా తగ్గిందని చెప్పాడు అన్న? అప్పుడు ఏమన్నాడో, ఎట్లా చెప్పాడో, గుర్తున్నంతవరకు రాయి. ప్రత్యేకంగా ఏమీ లేదు, ఊరికే అడుగుతున్నాను.

నువ్వు సరిగ్గా తినడం లేదని గ్లోరీ మెసేజ్ పెట్టింది. ఆపరేషన్ అయిన మనిషివి, తిండి దగ్గర మొండితనం పనికిరాదు. రాగిజావ తాగు. మందులు ఆపకు.

కృప.


జహీరాబాద్,
నవంబర్ 10.

కృపా,

ఒక్క మాట కోసం అడిగితే నువ్వు నన్నే ప్రశ్నలు వేస్తున్నావు. జ్వరం సంగతి ఎప్పుడో ముగిసిపోయింది, అది దాటి ముందుకు పో. సరే, అడిగావు కాబట్టి రాస్తాను.

అది నా ఆపరేషన్ అయిన వారం. గర్భసంచి తీసేసి, అందులోని గడ్డను పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా డాక్టరు ఏదీ గట్టిగా చెప్పలేదు. నేను భయంతో సగం చచ్చి మంచం మీద ఉన్నాను. మీ అన్న మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. కంపెనీకి సెలవు పెట్టి, అన్నం వండి, గ్లోరీకి జడ కూడా వేసి పంపాడు. ఆ జడ చూసి కాలేజీలో దాన్ని ఎంత ఏడిపించారో. సాయంత్రం మంచం పక్కన కూర్చుని కథ చెప్పేవాడు.

రాచవ్వకు జ్వరం వచ్చిందన్నాడు. ఊళ్లో ఆ జ్వరం వచ్చినవాళ్లు ఒక్కరూ మిగలడం లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈమె సచ్చిపోతే నాకు కథ చెప్పకు. ఇప్పుడు నేను గివి వినే హాలత్‌ల లేను" అన్నాను.

మీ అన్న చాలాసేపు పలకలోకి చూస్తూ ఉండిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సావది. ఎందుకు సస్తది? మాణికప్ప జొన్న గటక చేసి తాగిపిస్తడు. లేస్తది" అన్నాడు.

"నిజంగనా?"

"ఇగో, ఈడ రాసి ఉన్నది" అని పలక మీద వేలు పెట్టి చూపించాడు. నాకు ఆ అక్షరాలు రావు కదా, తల ఊపాను. మరునాడు రాచవ్వ లేచి కూర్చుంది. ఆ వారమే నా పరీక్ష ఫలితం కూడా మంచిగా వచ్చింది. నేనూ లేచి కూర్చున్నాను.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పు, నాకా దగ్గర ఏమన్నది?

అనిత.


సోలాపూర్,
డిసెంబర్ 1.

వదినా,

దొరికింది! మొత్తం చదివేశాను. నీకోసం నిన్నంతా కూర్చుని చదివాను.

కొత్త జవాను అడుగుతాడు కదా, "ఎవరి మనిషివి నువ్వు?" అని. రాచవ్వ ఉప్పు బండి మీద చెయ్యి వేసి, తల ఎత్తి అంటుంది: "నేను ఎవరి మనిషినీ కాను. నాకు నేనే." జవాను నోట మాట రాదు. నాకాలో ఉన్న పెద్ద అధికారి ఆ మాట విని బయటికి వస్తాడు. ఇట్లాంటి ఆడమనిషిని నేను చూడలేదు, కట్టె ఎత్తండి అంటాడు. రాచవ్వ దాటుతుంది. అవతల మాణికప్ప ఎదురవుతాడు. ఇద్దరూ ఆ ఊళ్లోనే ఇల్లు కట్టుకొని, పిల్లాపాపలతో చల్లగా ఉంటారు. అంతే, కథ అయిపోయింది.

ఇక హాయిగా నిద్రపో వదినా. క్రిస్మస్‌కు రాలేను, సెలవు ఇవ్వలేదు. గ్లోరీకి సోలాపూర్ దుప్పటి ఒకటి పంపుతున్నాను.

నీ,
కృప.


జహీరాబాద్,
డిసెంబర్ 17.

కృపా,

దుప్పటి అందింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు కడుపు నిండా తిన్నాను. రాచవ్వ అట్లా అంటుందా అని కొంచెం అనుమానమైతే వచ్చింది. దాని నోరు నాకు తెలుసు కదా, అంత గొప్పగా మాట్లాడదు. అయినా రాసినాయన రాశాడు, నాదేం పోయింది అనుకున్నాను. దాటింది, అది చాలు అనుకున్నాను.

ఆదివారం శరణప్ప సార్ చర్చి గేటు దగ్గర కనబడ్డారు. సంతోషంలో ఉన్నాను కదా, నేనే ఆపి చెప్పాను. సార్, మీరు చదివిన ఆ నాకా నవల నేను కూడా విన్నాను, రాచవ్వ చివరికి దాటింది కదా, నాకు భలే నచ్చింది అన్నాను.

సార్ నన్ను వింతగా చూశారు.

"రాచవ్వ ఏడ దాటిందమ్మా? ఆమె నాలుగో అధ్యాయంలనే సచ్చిపాయె. ప్లేగుల."

"లేదు సార్, జ్వరం తగ్గింది గదా?"

"లేదమ్మా. దాని మీదనే గద ప్రేమ్‌సాగర్ మాతోని ఒక ఆదివారం నిజంగనే కొట్లాడిండు. గామెను సంపే అక్కెర రాసెటోనికి ఏమొచ్చింది అని బల్ల గుద్దిండు. చాయ్ గిలాసలు కింద పడ్డయ్. ఆ దినం మాకు సమజ్ కాలె, ఒక నవల కోసం ఈయనకు గింత కోపమెందుకని."

నేను ఇంటికి ఎట్లా వచ్చానో నాకు తెలియదు.

నువ్వు చదివావా, లేదా? చదివితే అబద్ధం ఎందుకు రాశావు? మీ అన్న కూడా అబద్ధమే చెప్పాడని ఇప్పుడు తెలిసింది. కానీ ఆయన చెప్పిన అబద్ధం నన్ను మంచం మీద నుంచి లేపింది. నీది నన్ను గేటు దగ్గర పదిమందిలో పిచ్చిదాన్ని చేసింది. భర్త పోయిన ఆడదానికి ఏదో ఒక కథ చెప్పి పడుకోబెడదాం అనుకున్నావా? నేను నీ వార్డులో పేషంటును కాను.

ఉన్నది ఉన్నట్టు రాయి.

అనిత.


సోలాపూర్,
డిసెంబర్ 26.

వదినా,

నీ కోపం న్యాయమైనదే. పండుగ రోజు నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. అది నీమీద వేయడానికి కాదు, జరిగింది చెబుతున్నాను.

ఉన్నది ఉన్నట్టు ఇది. అక్టోబర్‌లోనే గుర్తు దగ్గర తెరిచాను. ఆ గుర్తు నాలుగో అధ్యాయం చివరి పేజీలో ఉంది. రాచవ్వ చనిపోయిన పేజీ. అన్న దాన్ని దాటలేదు వదినా. అదే పలకలో ఆ తరవాత కోటల పుస్తకాలు చదివాడు, గుర్రాల నవలలు పూర్తి చేశాడు. ఈ నవల మాత్రం నీ ఆపరేషన్ నాటి నుంచి ఆ పేజీలోనే ఉంది. ఉప్పు బండ్లు లేవు, బదిలీ లేదు, కలిపి కుట్టేసిన అంగీ లేదు. జ్వరం తరవాత నీకు రోజూ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా ఆ పుస్తకంలోది కాదు. ఆ చావు పేజీని కళ్ల ముందు పెట్టుకొని, దాన్ని చూస్తూ, నీకు బతికున్న రాచవ్వ కథ చెప్పాడు.

నువ్వు జానతో కొలిచేది, పల్లీలు కొంగున కట్టుకొనేది రాసినప్పుడే ఆ రాచవ్వ నువ్వేనని నాకు తెలిసిపోయింది. నీకు తప్ప ఎవరికైనా తెలుస్తుంది. నీకెట్లా చెప్పాలో తెలియలేదు. రాచవ్వ లేదని చెబితే రెండోసారి చావు కబురు చెప్పినట్టవుతుంది. రోజూ వార్డు బయట నిలబడి ఎవరో ఒకరికి ఆ కబురు చెప్పే పనే నాది. నీకు చెప్పలేకపోయాను. అన్నలాగా నేను కూడా కల్పిద్దామనుకున్నాను, నాకు రాలేదు. నా రాచవ్వ సినిమా డైలాగు కొట్టింది.

నేను కూడా ఆ పేజీ దాటలేదు. దాటితే ఆ గుర్తు ముందుకు జరిగిపోతుంది. అన్న ఆగినచోటు చెరిగిపోతుంది. మొత్తం చదివానన్నది కూడా అబద్ధమే.

ఆ పేజీలో ఏముందో మాత్రం నా చేత్తో రాయలేను. నీకు కావాలంటే శరణప్ప సార్‌ను అడుగు. అక్కడితో ఆపమను. నన్ను తిట్టు, కానీ రాయడం మానకు. నాకు అన్న మిగిలింది నీ ఉత్తరాల్లోనే.

కృప.


జహీరాబాద్,
జనవరి 19.

కృపా,

నీ మీద కోపం పోయిందా అంటే సగం పోయింది. మిగతా సగం నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు ఎదురుగా చూసుకుంటాను. ఉత్తరంలో తిడితే నాకు తృప్తి ఉండదు.

శరణప్ప సార్‌ను పిలిచాను. ఆయన మీ అన్న కుర్చీలో కూర్చోబోయి ఆగి, స్టూలు లాక్కున్నారు. పలక తెరిచి చేతికిచ్చాను. నువ్వు చెప్పినట్టే అదే పేజీ వచ్చింది.

"సదవాల్నా అమ్మా?"

"సదువున్రి సార్."

నేను మిషన్ ముందు కూర్చున్నాను. కథ అక్కడ కూర్చునే విన్నాను కదా, ఇది కూడా అక్కడే వినాలనిపించింది. సార్ ఒక వాక్యం కన్నడంలో చదివి, దాన్ని తెలుగులో చెప్పారు. గుర్తున్నది రాస్తాను.

సరిహద్దు గీసినవాడు ఆ ఊరిని చూసి గీయలేదట. ఇళ్లు ఇటు పడ్డాయి, బొందల గడ్డ అటు పడింది. చచ్చినవాళ్లను కూడా నాకా దాటించాలి. కట్టె ఎత్తే ముందు ఎవరి మనిషి అని అడిగి తీరాలని హుకుం, బతికున్నవాళ్లకైనా పోయినవాళ్లకైనా అదే లెక్క. రాచవ్వను నలుగురు మోసుకొచ్చారు. వేరే జవాను లేడు, ఆ రోజు కూడా మాణికప్పే నిలబడ్డాడు. అడగాలి కాబట్టి అడిగాడు, "ఎవరి మనిషి?" అని. మోసేవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో ఎవరు చెబుతారు? చివరికి తనే జవాబు చెప్పాడు.

"నా మనిషి."

చెప్పి, తన చేత్తో కట్టె ఎత్తాడు.

అక్కడికి పేజీ అయిపోయింది. సార్ పలక బల్ల మీద పెట్టి, నీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయారు.

ఒక్క మాటే అన్నాడు కదా మీ అన్న. ఇదే కృపా. ఆ ఒక్క మాటను చావు పేజీలోంచి తీసుకొచ్చి, బతికున్న రాచవ్వ ముందు ఎవరితోనో అనిపించాలనుకున్నాడు. మాణికప్పే అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి అనేవాడో, ఏమో. రేపు చెప్తానన్నాడు.

నా ఆపరేషన్ అప్పుడు ధైర్యంగా ఉన్నాడని నీకు రాశాను. ఎంత గుడ్డిదాన్ని. ఆ మనిషి రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని, పెళ్లాం శవానికి దారి ఇచ్చే మొగుడిని చూస్తూ ఉన్నాడు. నేను పోతానని అంత భయపడ్డాడు. నన్ను పోనివ్వకుండా ఒక పుస్తకాన్నే తిరగరాశాడు. నేను లేచి తిరుగుతున్నా ఆ భయం పోలేదు, అందుకే రాచవ్వను ఊరూరా నడిపించాడు. తను పోతానని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. దానికి ఏ కథా కట్టి పెట్టలేదు. నాకు కోపం వస్తోంది, ఎవరి మీద చూపించాలి?

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. గ్లోరీకి కూడా చెప్పలేదు.

ఆ రోజు సంగారెడ్డి ముందరే అంబులెన్స్‌లో ఉన్న అబ్బాయి నాడి చూసి, లేదమ్మా అన్నాడు. బండి వెనక్కి తిప్పారు. టోల్ గేటు దగ్గర కర్ర దించి ఉంది. అక్కడి మనిషి వెనక అద్దంలోంచి తొంగి చూసి, "లోపట ఎవరమ్మా?" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు, మర్యాదగానే అడిగాడు. నన్నే చూస్తూ అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. నేను చెబుతానేమోనని జర సేపు చూశాడు. చివరికి ముందు నుంచి డ్రైవర్ చెప్పాడు, "డెడ్ బాడీ" అని. కర్ర లేచింది.

మీ అన్నను ఆ పేరుతో దాటించాను కృపా. చెయ్యి నా చేతిలోనే ఉంది, ఇంకా వేడి కూడా పోలేదు. అడిగినవాడు నన్నే అడిగాడు. నా మనిషి అని చెప్పలేకపోయాను.

అనిత.